డిస్కు రైటింగ్ ఫెయిల్ అవుతుంటే ముందు ఏది మార్చాలి: వేగమా, డిస్కా, డ్రైవా, సాఫ్ట్‌వేరా?

మా తాతయ్య పద్యాల క్యాసెట్లు పదకొండు ఉన్నాయి. తెనాలి దగ్గర మా ఊళ్లో పౌరాణిక నాటకాలు ఆడే రోజుల్లో ఎవరో స్టేజీ ముందు టేప్ రికార్డర్ పెట్టి పట్టినవి. వాటితో పాటు ఆయన షష్టిపూర్తి వీడియో ఒకటి. అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, డిస్కుల మీద రాసి బంధువులకు పంచుదామనుకున్నాను. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వొచ్చు కదా అని పిల్లలు అడిగారు. కానీ పెదనాన్నగారింట్లో ఉన్నది పాత డీవీడీ ప్లేయర్, దానికి యూఎస్‌బీ లేదు. మేనమామ కారులో ఉన్నది సీడీ స్టీరియో. తాతయ్య గొంతును రోజూ వినాలని ఆశపడేది ఆ ఇద్దరే. అందుకే డిస్కులే అని తేల్చుకున్నాను.

50 డిస్కుల డబ్బా కొని కూర్చుంటే మొదటి పదిలో ఏడు పాడయ్యాయి. ఒకటి మొదట్లోనే ఆగింది, రెండు చివర్లో ఆగాయి, మిగతావి పూర్తయినట్టే కనిపించి ప్లేయర్‌లో పాడలేదు. ఆ టెన్షన్‌లో అన్నీ ఒకేసారి మార్చేశాను: కొత్త డిస్కులు, కొత్త సాఫ్ట్‌వేర్, వేరే యూఎస్‌బీ పోర్టు. తర్వాతది బాగానే వచ్చింది కానీ దేనివల్ల వచ్చిందో తెలియలేదు, మర్నాడు మళ్లీ అదే గొడవ. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, ఖర్చు లేనిది ముందు మార్చాలి అన్నది అప్పుడు పట్టుబడింది. ఏ వరసలో మార్చాలో, ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏ డిస్కు ఎవరికి ఇవ్వాలో ఇక్కడ రాస్తున్నాను.

ఎక్కడ ఆగిందో ముందు చూడండి

పాడైన డిస్కును వెంటనే చెత్తబుట్టలో పడేయకండి. వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని అడుగువైపు చూడండి. రాసిన మేర ఒక రంగు, రాయని మేర ఇంకో రంగుగా కనిపిస్తుంది. రాయడం మధ్య బెజ్జం దగ్గర మొదలై అంచుకు వెళ్తుంది కాబట్టి, ఆ వలయం ఎంత వెడల్పు ఉందో చూస్తే ఎంతవరకు సాగిందో తెలిసిపోతుంది.

వలయమే లేకపోతే, లేదా సన్నటి గీతలా ఉండి ఆగిపోతే, డ్రైవ్‌కీ డిస్కుకీ పొసగలేదని అర్థం. ఖాళీ డిస్కులో రసాయనపు రంగు పూత ఒకటి ఉంటుంది. లేజర్ ఆ పూతను వేడిచేసి గుర్తులు పెడుతుంది. ఎంత బలంతో వేడిచెయ్యాలో తెలుసుకోవడానికి డ్రైవ్ ముందుగా లోపలి అంచున కాస్త రాసి చూసుకుంటుంది. అది కుదరకపోతే వచ్చేదే పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్. డిస్కు నాసిరకమైనా, లెన్స్ మీద దుమ్ము పట్టినా, లేజర్ బలం తగ్గినా, యూఎస్‌బీ పోర్టు సరిపడా కరెంటు ఇవ్వకపోయినా ఇదే ఎర్రర్ వస్తుంది.

ముప్పాతిక వరకు సాగి, అంచు దగ్గర ఆగితే ముందు అనుమానించాల్సింది వేగాన్ని. చాలా డ్రైవ్‌లు అంచుకు వెళ్లే కొద్దీ రాసే వేగం పెంచుతాయి. చవక డిస్కుల్లో పూత సమంగా లేనిది కూడా ఎక్కువగా అంచు దగ్గరే. ఆ రెండూ ఒకేచోట కలుస్తాయి.

నూరు శాతం పూర్తయ్యి, తర్వాత సరిచూసే దశలో తప్పులు వస్తే డిస్కు నాణ్యత తక్కువ, లేదా వేగం ఎక్కువ. కంప్యూటర్‌లో చక్కగా చదివి, ప్లేయర్‌లో మాత్రం పాడకపోతే డిస్కునీ డ్రైవ్‌నీ అనుమానించే ముందు రాసిన పద్ధతిని చూడండి. దాని సంగతి సాఫ్ట్‌వేర్ దగ్గర చెబుతాను.

వేగం తగ్గించడమా, డిస్కులు మార్చడమా

వేగం తగ్గించడానికి పైసా ఖర్చు లేదు. అందుకే ముందు అదే. డిస్కు మీద 16 ఎక్స్ అని ఉంటే 8 ఎక్స్‌లో రాయండి. 52 ఎక్స్ సీడీని 16 లేదా 24లో రాయండి. పోయే సమయం కూడా ఎక్కువేమీ కాదు. నిండు డీవీడీ 16 ఎక్స్‌లో ఆరు నిమిషాల లోపు పడితే, 8 ఎక్స్‌లో ఎనిమిది నిమిషాలు పడుతుంది. 4 ఎక్స్‌లో పద్నాలుగు. 16 ఎక్స్‌లో డిస్కు నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరుగుతుంది. కొంచెం వంకర ఉన్న డిస్కు అయినా, బరువు ఒకవైపుకు ఒరిగినా లేజర్ దారి తప్పుతుంది.

అలాగని ఎంత తగ్గిస్తే అంత మంచిదనుకోవద్దు. చాలామంది ఈ మాట చెబుతారు, నేనూ కొన్నాళ్లు నమ్మాను. ఇప్పటి డిస్కుల పూత వేగంగా రాయడానికి తయారైనది. మరీ నెమ్మదిగా రాస్తే ఆ పూతకు తగ్గ లెక్క డ్రైవ్ దగ్గర ఉండకపోవచ్చు. డీవీడీకి సగం వేగం చాలు, అంతకంటే దిగాల్సిన అవసరం చాలా అరుదు.

సగం వేగంలో రెండు డిస్కులు రాసినా రెండూ పోతే అప్పుడు డిస్కులు మార్చండి. అదే డబ్బాలోంచి ఇంకోటి తీయడం మార్చినట్టు కాదు. వేరే తయారీదారు డిస్కు కావాలి. పైన ముద్రించిన బ్రాండ్ పేరుకూ, లోపల డిస్కు తయారుచేసిన వాళ్లకూ సంబంధం ఉండకపోవచ్చు. ప్రతి డిస్కులో తయారీదారు కోడ్ ఒకటి ఉంటుంది. డ్రైవ్ ఆ కోడ్ చూసే ఏ వేగానికి ఎంత లేజర్ బలం వాడాలో తన పట్టికలో వెతుక్కుంటుంది. ఖాళీ డిస్కు పెట్టి ఇమ్‌గ్‌బర్న్ అనే డిస్కు రాసే సాఫ్ట్‌వేర్ తెరిస్తే కుడివైపున ఆ కోడ్ కనిపిస్తుంది. ఉదాహరణకు ఎంసీసీ 004 అంటే మిత్సుబిషి కెమికల్ వాళ్ల 16 ఎక్స్ ప్లస్ ఆర్ రకం డీవీడీ. రెండు వేర్వేరు బ్రాండ్లు కొని చూస్తే రెండింటిలో ఒకటే కోడ్ కనిపించడం మామూలే. అప్పుడు మీరు మార్చింది కవర్ మాత్రమే.

డబ్బా మొత్తం కొనకముందు ఐదు డిస్కులు విడిగా కొని మీ డ్రైవ్‌లో రాసి చూడండి. మన దగ్గర ఒకప్పుడు ఏ కంప్యూటర్ షాపులో చూసినా నోయిడా కంపెనీ మోజర్ బేర్ డిస్కులే ఉండేవి. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. తాజా సరుకు తగ్గుతున్న కొద్దీ షాపులో ఏళ్ల తరబడి ఎండకూ తేమకూ నిలవున్న డబ్బాలు చేతికొచ్చే అవకాశం పెరుగుతుంది. సీలు ఉందా, తయారైన తేదీ ఏమైనా వేశారా చూసి తీసుకోండి.

నింపడంలో కూడా ఒక జాగ్రత్త ఉంది. 4.7 జీబీ అని డిస్కు మీద రాసినది 470 కోట్ల బైట్ల లెక్క. విండోస్ 1024 చొప్పున లెక్కకట్టి దాన్నే 4.37 దగ్గర చూపిస్తుంది. కాబట్టి 4.6 జీబీ ఫైలు పట్టదు. పట్టేదాన్ని కూడా అంచు దాకా కుక్కకుండా 4.2 దగ్గర ఆపితే, నమ్మకం తక్కువైన ఆ చివరి భాగాన్నే వాడకుండా తప్పించుకున్నట్టు. మా ఇంటి డిస్కుల్లో చివర పాడయ్యే బాధ దీనితోనే చాలావరకు పోయింది.

డ్రైవ్: లోపల ఉండేదా, బయట తగిలించేదా

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్ రావడం లేదు కాబట్టి చాలామంది యూఎస్‌బీకి తగిలించే పల్చటి రైటర్ కొంటున్నారు. అప్పుడప్పుడు రాసేవాళ్లకు అది చాలు. కానీ అది బతికేది పోర్టు ఇచ్చే కరెంటు మీద. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంప్‌లు, 3.0 ఇచ్చేది 900. చదవడానికి సరిపోయిన కరెంటు రాసేటప్పుడు చాలకపోవచ్చు. అందుకే కొన్నిటితో రెండు యూఎస్‌బీ మూతులున్న వై కేబుల్ ఇస్తారు. రెండూ తగిలించాలి. హబ్ వద్దు, పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు. డెస్క్‌టాప్ అయితే ముందు పోర్టు కాకుండా వెనక, మదర్‌బోర్డు మీదే ఉన్న పోర్టు వాడండి. సెమఫోర్ టైమౌట్ అనే ఎర్రర్ వస్తుంటే డిస్కుల కంటే ముందు ఈ కేబుల్, పోర్టు చూడాలి.

డెస్క్‌టాప్ ఉండి, వంద డిస్కులు రాసే పని ఉంటే లోపల బిగించే సాటా డ్రైవ్ మేలు. దానికి పవర్ సప్లై నుంచి 12 వోల్టుల కరెంటు విడిగా అందుతుంది, మోటారు నిలకడగా తిరుగుతుంది. పల్చటివి డీవీడీని 8 ఎక్స్ వరకే రాస్తాయి, ఇవి అంతకు మించి రాస్తాయి. మనం ఎలాగూ 8లోనే రాస్తాం కాబట్టి ఆ వేగం కోసం దీన్ని కొనక్కర్లేదు, నిలకడ కోసం కొనాలి. పల్చటిదానిలో ఒక సుఖం ఉంది. లెన్స్ ట్రే మీదే కనిపిస్తుంది, దూది పుల్లకు చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది నొక్కకుండా తుడవొచ్చు. లోపలిదానికి క్లీనింగ్ డిస్కు వాడుకోవాలి.

డ్రైవ్ పోయిందా లేదా తేల్చడానికి రెండు పరీక్షలు చాలు. మీ డిస్కును పక్కింటివాళ్ల డ్రైవ్‌లో రాయండి, వేరే తయారీ డిస్కును మీ డ్రైవ్‌లో రాయండి. మీ డిస్కు అక్కడ బాగా వచ్చి, మీ డ్రైవ్ రెండు రకాలనూ పాడుచేస్తే డ్రైవ్ మార్చే టైమ్ వచ్చింది. సీడీలు బాగా రాస్తోంది కాబట్టి డ్రైవ్ బాగానే ఉందని మాత్రం అనుకోవద్దు. సీడీకి వాడే లేజర్ కాంతి 780 నానోమీటర్లు, డీవీడీకి 650. ఒకటి బలహీనపడినా రెండోది పనిచేస్తూనే ఉంటుంది. నాకు సీడీలు అన్నీ వచ్చి డీవీడీలు పోతుంటే నెల రోజులు డిస్కులనే అనుమానించాను.

డ్రైవ్ అసలు కంప్యూటర్‌లో కనిపించకపోతే అది వేరే సమస్య. డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ పక్కన పసుపు గుర్తు పడి కోడ్ 19 గానీ 39 గానీ చూపిస్తుంటే, పాత రైటింగ్ సాఫ్ట్‌వేర్ తీసేసినప్పుడు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) మిగిలిన అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అనేవి కారణం కావచ్చు. రిజిస్ట్రీ తెలిసినవాళ్లతో, బ్యాకప్ తీసుకున్నాకే వాటిని తీయించండి. డ్రైవ్ కొనే ముందు ఇది ఒకసారి చూసుకోవాలి.

సాఫ్ట్‌వేర్: విండోస్‌దే చాలా?

ఫోటోలు, ఫైళ్లు రాసుకోవడానికి విండోస్‌తో వచ్చేదే చాలు. విండోస్ 7 నుంచి ఐఎస్ఓ ఫైలు (డిస్కులోని మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసినది) మీద రైట్ క్లిక్ కొట్టి నేరుగా రాసే సదుపాయం కూడా ఉంది. అందులో రాశాక సరిచూడమని ఒక టిక్కు ఉంటుంది, అది పెట్టండి. ఎక్కువమంది పొరపాటుపడేది ఖాళీ డిస్కు పెట్టగానే వచ్చే ప్రశ్న దగ్గర. పెన్‌డ్రైవ్‌లా వాడతారా, సీడీ డీవీడీ ప్లేయర్‌తో వాడతారా అని అడుగుతుంది. మొదటిది ఎంచుకుంటే ఫైళ్లు ఒక్కొక్కటే చేర్చుకోవచ్చు కానీ ఆ డిస్కును పాత ప్లేయర్లు, కారు స్టీరియోలు చాలావరకు గుర్తించవు. ఎవరికైనా ఇవ్వాలంటే రెండోదే. మొదట్లో నాకు పాడకుండా పోయిన వాటిలో మూడు ఇలా రాసినవే, వాటిలో డిస్కు తప్పేమీ లేదు.

ఇమ్‌గ్‌బర్న్ ఉచితం. 2013 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు, అయినా నా సలహా అదే. ఎందుకంటే ఏం జరిగిందో అది వివరంగా చెబుతుంది: డిస్కు కోడ్, రాసిన వేగం, ఎక్కడ ఆగింది, ఏ ఎర్రర్. సమస్య వెతికేటప్పుడు ఆ లాగ్ చాలా విలువైనది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం వెంట వచ్చే అనవసరపు ప్రోగ్రాములను జాగ్రత్తగా వద్దనాలి. ఇమ్‌గ్‌బర్న్ గందరగోళంగా అనిపిస్తే సీడీబర్నర్‌ఎక్స్‌పీ తేలిక. లైనక్స్ వాడేవాళ్లకు కే3బీ. డబ్బు పెట్టి కొనే ప్యాకేజీలు వాడినంత మాత్రాన నాసి డిస్కు బాగుపడదు.

ఇంకో అపోహ ఉంది. రాస్తున్నప్పుడు మౌస్ కదిపితే డిస్కు పోతుందని పెద్దవాళ్లు ఇప్పటికీ భయపడతారు. 2000కు ముందు అది నిజమే. డేటా అందడం ఆలస్యమైతే లేజర్ ఆగి డిస్కు పాడయ్యేది. 2000లో సాన్యో బర్న్ ప్రూఫ్ తెచ్చాక, డ్రైవ్ ఆగిన చోటు గుర్తుపెట్టుకుని మళ్లీ అక్కడినుంచే రాయడం నేర్చుకుంది. అయినా ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లకుండా చూసుకోండి, ఫైళ్లు పెన్‌డ్రైవ్ నుంచి కాకుండా హార్డ్‌డిస్క్‌లో పెట్టుకుని రాయండి.

ఒకే ఫైలు 4 జీబీ దాటితే డిస్కులో ఫైళ్లు అమర్చడానికి యూడీఎఫ్ పద్ధతి ఎంచుకోవాలి, పాత ఐఎస్ఓ 9660 పద్ధతి సరిపడకపోవచ్చు. వీడియో ఫైలును మామూలు డేటాలా రాసేసి, ప్లేయర్‌లో రావడం లేదనే ఫిర్యాదు కూడా చాలాసార్లు విన్నాను. పాత ప్లేయర్‌కు ఎంపెగ్ 2 రూపంలో, వీడియో టీఎస్ ఫోల్డర్‌తో ఉన్న డీవీడీయే కావాలి. ఆ మార్పిడి ఇమ్‌గ్‌బర్న్ చేయదు. దానికి డీవీడీస్టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. విండోస్ 8 నుంచి విండోస్‌లో ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ తీసేశారు.

ఏ డిస్కు ఎవరికి

కారు స్టీరియో మీద ఎంపీ3 అని రాసి ఉంటే సీడీ ఆర్ మీద ఎంపీ3లు రాయండి. 128 కేబీపీఎస్‌లో నిమిషానికి ఒక ఎంబీ చొప్పున 700 ఎంబీ డిస్కులో పన్నెండు గంటల పద్యాలు పడతాయి. ఎంపీ3 అని లేకపోతే ఆడియో సీడీ రాయాలి, దానిలో పట్టేది 80 నిమిషాలే. 90 నిమిషాల క్యాసెట్ ఒక డిస్కులో పట్టదు, రెండు వైపులకూ రెండు డిస్కులు పెట్టుకోవడం మంచిది. ఆడియో సీడీ రాసేటప్పుడు డిస్క్ ఎట్ వన్స్, అంటే డిస్కంతా ఒకే ఊపులో రాసే పద్ధతి ఎంచుకోండి. ట్రాక్ ఎట్ వన్స్‌లో ప్రతి ట్రాక్‌కూ మధ్య రెండు సెకన్ల నిశ్శబ్దం పడుతుంది. పద్యం చివర రాగం తీసి వెంటనే తర్వాతి పద్యం ఎత్తుకునే చోట ఆ ఖాళీ వినడానికి చాలా బాధగా ఉంటుంది.

ఒక్కసారే రాయగల డీవీడీల్లో మైనస్ ఆర్, ప్లస్ ఆర్ అని రెండు రకాలు, రెండూ నేటి డ్రైవ్‌లన్నీ రాస్తాయి. మైనస్ ఆర్ 1997లో పయనీర్ తెచ్చినది, ప్లస్ ఆర్ 2002లో వచ్చింది. బాగా పాత ప్లేయర్ అయితే మైనస్ ఆర్ ఇవ్వండి, పాడే అవకాశం ఎక్కువ. డ్రైవ్ ఒప్పుకుంటే ప్లస్ ఆర్‌ను కూడా డీవీడీ రోమ్‌లా (కంపెనీలో అచ్చువేసిన డిస్కులా) కనిపించేట్టు గుర్తు మార్చి రాయొచ్చు, ఇమ్‌గ్‌బర్న్‌లో ఆ వీలుంది. కొత్త ప్లేయర్లకు ఏదైనా ఒకటే, మీ డ్రైవ్ ఏది బాగా రాస్తే అది.

చెరిపి రాసే ఆర్‌డబ్ల్యూ పంచడానికి కాదు. దాని మీద కాంతి తక్కువ తిరిగొస్తుంది, పాత ప్లేయర్ చదవలేదు. కానీ మెనూ, ట్రాక్‌ల వరస సరిగ్గా ఉన్నాయో లేదో ముందు ఆర్‌డబ్ల్యూ మీద రాసి కంప్యూటర్‌లో చూసుకుని, తర్వాత ఆర్ మీద రాస్తే డిస్కులు వృథా కావు. రెండు పొరల 8.5 జీబీ డిస్కు నేను ఎవరికీ చెప్పను. పొర మారే చోట ఆగిపోవడం ఎక్కువ, ధర ఎక్కువ. రెండు మామూలు డీవీడీలుగా విడగొట్టడమే నయం.

అమెరికాలో ఉన్న పిల్లలకు పంపే వీడియో అయితే అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో చేయండి. మనది పాల్ పద్ధతి, 720 బై 576. అక్కడి ప్లేయర్లు చాలా పాల్‌ను చూపించవు, మన ప్లేయర్లు మాత్రం ఎన్‌టీఎస్‌సీని సాధారణంగా చూపిస్తాయి. షష్టిపూర్తి డీవీడీ నేను అందరికీ ఎన్‌టీఎస్‌సీలోనే చేశాను, ఒక్క మాస్టర్ సరిపోయింది. ఇంట్లో చేసుకున్న డిస్కుకు రీజియన్ అడ్డు (ఫలానా దేశాల ప్లేయర్లలోనే పాడాలనే కట్టడి) ఉండదు.

చాలా ఏళ్లు దాచాలంటే బ్లూరే, ఎమ్ డిస్క్ ఉన్నాయి. సోనీ 2025 ఫిబ్రవరిలో రాసే బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. కొత్తగా ఆ దారి పట్టేవాళ్లు డిస్కులు, డ్రైవ్ కూడా దొరుకుతాయో లేదో చూసుకుని దిగాలి. నేనైతే అసలు ప్రతిని రెండు హార్డ్‌డిస్కుల్లో ఉంచి, డిస్కులను పంచడానికే వాడతాను.

రాసిన తర్వాత

రాసిన డ్రైవ్‌లోనే చదివి ఊరుకోవద్దు. తను రాసింది తను ఎలాగోలా చదువుతుంది. ఇంకో కంప్యూటర్‌లో పెట్టి, డిస్కులో ఉన్నదంతా హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి చూడండి. ఎక్కడా ఆగకుండా, వేగం పడిపోకుండా వస్తే మంచి డిస్కు.

పేరు రాయడానికి బాల్‌పెన్ వాడకండి. సీడీలో అద్దంలా మెరిసే పొర పైవైపున, పల్చటి వార్నిష్ కిందే ఉంటుంది. అడుగున గీత పడితే తుడిచి బాగుచేసుకోవచ్చు కానీ పైన గీత పడితే డేటా ఉన్న పొరే పోతుంది. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి కొంత నయం. మెత్తటి డిస్కు మార్కర్ కొనుక్కోండి, కాగితం స్టిక్కర్లు అసలు అంటించకండి. తుడిచేటప్పుడు గుండ్రంగా కాకుండా మధ్య నుంచి అంచుకు తుడవాలి.

ఎండ ఈ పూతకు పెద్ద శత్రువు. మే నెలలో అద్దాలు మూసిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన డిస్కు వంకరపోతుంది, పూత కూడా దెబ్బతింటుంది. మేనమామకు రెండు ప్రతులు ఇచ్చాను, ఒకటి కారులో, ఒకటి ఇంట్లో బీరువాలో. పెదనాన్నగారి ప్లేయర్‌కు ఆడియో సీడీలు మైనస్ ఆర్ డీవీడీతో కలిపి ఇచ్చాను. మొదటి సాయంత్రమే ఫోన్ చేశారు. మూడో డిస్కులో ఆరో పద్యం దగ్గర హార్మోనియం వాయించింది ఎవరో గుర్తుపట్టానని చెప్పారు.